కంటి అలసటను విడదీసి కొలవడం: ఒక ప్రాజెక్టు డైరీ

ప్రారంభానికి ముందు

తెర మీద చదవడం, రాయడం, అంకెల పట్టికలు సరిచూడడం నా పని. సాయంత్రమయ్యేసరికి కళ్లు మండుతాయి, ఎదురుగా గోడ మీదున్న గడియారం ముళ్లు కాసేపు మసకగా కనిపిస్తాయి, కనుబొమల పైన లాగినట్టు నొప్పి మొదలవుతుంది. మూడూ ఇంచుమించు ఒకే వేళకు వస్తాయి కనుక ఒకే బాధగా తోస్తాయి. కానీ మంట కంటి ఉపరితలానికి సంబంధించినది, మసక లోపలి కండరానికి సంబంధించినది, నొప్పి చాలాసార్లు వెలుతురుకో అద్దాలకో సంబంధించినది. వీటిని కలిపి చూసినంత కాలం ఏ ఉపాయం దేనికి పనిచేసిందో తేలదు. అందువల్ల ఈ ప్రాజెక్టుకు ఒకే నియమం పెట్టుకున్నాను: ఒక వారంలో ఒక్క మార్పు మాత్రమే చేయాలి, దాని ఫలితాన్ని మూడు బాధల కిందా విడివిడిగా రాయాలి.

అన్నిటికన్నా ముందు కంటి పరీక్ష చేయించుకున్నాను. కుడి కంటికి అర డయాప్టరు (కటక శక్తికి కొలమానం) సిలిండరు, అంటే ఒక దిశలో మాత్రమే పనిచేసే సవరణ, అవసరమని తేలింది. అంత తక్కువ ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని దిశల్లో సమంగా లేకపోవడం) నడకలో, మాటల్లో ఎవరికీ తెలియదు. గంటల తరబడి సన్నని అక్షరాలు చదివే కంటికి మాత్రం అది విడవని శ్రమ. పరీక్ష సమయంలో గమనించిన మరో విషయాన్ని కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను. దూరపు చూపును 6 మీటర్ల దగ్గర, దగ్గరి చూపును సాధారణంగా 40 సెంటీమీటర్ల దగ్గర పరీక్షిస్తారు. బల్ల మీది మానిటరు ఈ రెండింటికీ నడుమ, 50 నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. నలభై ఏళ్లు దాటినవారిని ముఖ్యంగా ఇబ్బంది పెట్టేది ఈ నడిమి దూరమే కనుక, కంటి నుంచి తెర దాకా ఉన్న దూరాన్ని ముందే టేపుతో కొలిచి, ఆ అంకెను పరీక్షించేవారికి చెప్పడం మంచిది. కొత్త అద్దాలకు కళ్లు అలవాటు పడేదాకా పట్టికలో ఏమీ రాయలేదు.

కొలతల పట్టిక

ఈ సమస్యను కొలవడానికి పరిశోధకులు వాడే ప్రశ్నావళులు ఉన్నాయి. వాటిలో 2015లో స్పెయిన్ పరిశోధకులు ప్రచురించిన కంప్యూటర్ విజన్ సిండ్రోమ్ ప్రశ్నావళి 16 లక్షణాలను తీసుకుని, ఒక్కొక్కటి ఎంత తరచుగా వస్తుంది, ఎంత తీవ్రంగా ఉంటుంది అని రెండు విధాలుగా అడుగుతుంది. మొత్తం 6 గాని అంతకు మించి గాని వస్తే సమస్య ఉన్నట్టు లెక్క. అది జనసమూహాలను పోల్చడానికి బాగుంటుంది. నాకు కావలసింది ఒకే మనిషిలో వేళను బట్టి వచ్చే తేడా కనుక, మంట, మసక, నొప్పి అని మూడు నిలువు గడులు గీసి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, పని ముగిశాక సున్నా నుంచి మూడు వరకు అంకె వేయడం మొదలుపెట్టాను. ఆ వేళ చేస్తున్న పని ఏమిటో పక్కనే రాస్తున్నాను. ఈ చివరి గడి ఎంత విలువైనదో తరువాతి నమోదుల్లో తెలుస్తుంది.

మనసుకు తోచిన అంకెలతో పాటు, కొలబద్దతో తేలే కొలత ఒకటైనా ఉండాలనిపించింది. దానికి దగ్గరి బిందువు పరీక్ష సరిపోయింది. సన్నని అచ్చు ఉన్న కాగితాన్ని కంటి వైపు మెల్లగా జరుపుకుంటూ వస్తే, ఒకచోట అక్షరాలు ఇక స్పష్టంగా నిలవవు. అక్కడి నుంచి కంటి దాకా ఉన్న దూరం దగ్గరి బిందువు. నాకు అది ఉదయం 18 సెంటీమీటర్లకు అటూ ఇటూగా, ఎడతెరిపి లేని పని తరువాత 21, 22 సెంటీమీటర్లుగా వస్తోంది. రెండో కొలత ఇంకా సులువు: తెర నుంచి చూపు తిప్పి గడియారాన్ని చూస్తే ముళ్లు స్పష్టం కావడానికి ఎన్ని సెకన్లు పడుతున్నదో లెక్కపెట్టుకోవడం. ఉదయం ఆ ఆలస్యం తెలియనే తెలియదు. సాయంత్రం తప్పకుండా తెలుస్తుంది.

ఈ అంకెల వెనుక ఉన్న పనితీరు ఇది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు సిలియరీ కండరం బిగుసుకుంటుంది. దానితో కటకాన్ని పట్టి ఉంచే సన్నని తంతువులు వదులై, కటకం గుండ్రంగా ఉబ్బుతుంది. ఎంత సర్దుబాటు కావాలన్నది మీటర్లలో దూరానికి విలోమం: 50 సెంటీమీటర్లకు 2 డయాప్టర్లు, 65 సెంటీమీటర్లకు సుమారు 1.5, ఫోనును పట్టుకునే 30 సెంటీమీటర్లకు 3.3. మనిషికి మొత్తం ఎంత శక్తి ఉంటుందో అంచనా వేయడానికి హోఫ్‌స్టెటర్ సూత్రం ఉంది. సగటు విలువ కావాలంటే వయసును 0.3తో గుణించి, 18.5 నుంచి తీసివేయాలి. నా వయసు 42కి అది 5.9 డయాప్టర్లు. ఉన్న శక్తిలో సగాన్ని నిల్వ ఉంచుకుంటేనే చాలాసేపు హాయిగా చదవగలమన్నది కంటి పరీక్షకులు పాటించే లెక్క. అంటే నాకు 3 డయాప్టర్ల లోపు పని హాయి, అంతకు మించితే శ్రమ. ఈ లెక్క ప్రకారం నా మానిటరు హద్దు లోపలే ఉంది. హద్దు దాటుతున్నది ఫోను. మానిటరు నుంచి విరామమంటూ ఫోను చేతికి తీసుకున్న ప్రతిసారీ కండరానికి రెట్టింపు పని చెబుతున్నానన్న మాట.

రెప్పల లెక్క

మంట గడిని పట్టించుకున్నది ఈ దశలో. పని చేస్తుండగా ల్యాప్‌టాప్ కెమెరాతో ముఖాన్ని రికార్డు చేసి, తరువాత నిదానంగా చూసి రెప్పపాట్లు లెక్కపెట్టాను. సంభాషణలో ఉన్నప్పుడు నిమిషానికి పదిహేనుకు పైగా ఉన్నవి, పట్టికలు సరిచూసేటప్పుడు ఆరుకు పడిపోయాయి. తెర ముందు రెప్పపాటు సగానికో మూడో వంతుకో తగ్గుతుందన్నది అందరికీ తెలిసిన విషయమే. వీడియో వల్ల తెలిసిన అసలు సంగతి వేరు: ఉన్న ఆ కొద్ది రెప్పపాట్లలో చాలావాటిలో పైరెప్ప సగం దాకా దిగి వెనక్కి వెళ్లిపోతోంది. లెక్కలో అవి రెప్పపాట్లే. కానీ కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) కింది భాగానికి అవి అందడం లేదు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, కంటి మీది కన్నీటి పొర రెప్ప పూర్తిగా దిగినప్పుడే మళ్లీ సమంగా పరుచుకుంటుంది. ఆ పొరకు పైన రెప్పల అంచులోని మైబోమియన్ గ్రంథుల నుంచి వచ్చే పలుచని నూనె, నడుమ కన్నీటి గ్రంథి ఇచ్చే నీరు, అడుగున కంటి ఉపరితలానికి అంటిపెట్టుకునే జిగురు ఉంటాయి. నూనె పలుచబడితే నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ నూనెను గ్రంథుల నుంచి బయటికి నొక్కేది కూడా పూర్తి రెప్పపాటే. ఆరోగ్యవంతమైన కంటిలో ఈ పొర రెప్ప వేశాక 10 సెకన్లకు పైగా చెదరకుండా నిలుస్తుందని అంటారు. నిమిషానికి ఆరుసార్లు రెప్ప వేస్తే రెండింటి మధ్య విరామం సరిగ్గా 10 సెకన్లు. అందులో సగం అరకొరవైతే కార్నియా కింది సగానికి 20 సెకన్లకోసారి గాని తడి అందదు. మంట ఎక్కడి నుంచి వస్తోందో చెప్పడానికి ఇంతకంటె లెక్క అక్కరలేదు. అప్పుడప్పుడు కళ్ల నుంచి నీరు ధారగా కారడం కూడా ఈ పొడితనానికి ప్రతిచర్యే; ఆ నీటిలో నూనె, జిగురు తగినంత ఉండవు కనుక అది ఉపశమనం ఇవ్వదు.

రెప్ప వేయమని గంట కొట్టే ప్రోగ్రాము ఒకటి పెట్టి చూశాను. చదువుతున్న వాక్యం తెగిపోవడం తప్ప ప్రయోజనం కనిపించలేదు. అలవాటైన పద్ధతి ఇది: పేజీని కిందికి జరిపిన ప్రతిసారీ, ఫైలును సేవ్ చేసిన ప్రతిసారీ కళ్లు పూర్తిగా మూసి, రెండు సెకన్లు ఉంచి, రెప్పలను కొద్దిగా ఒత్తి తెరవడం. ఆ పనులు ఎలాగూ చేతులు చేస్తూనే ఉంటాయి కనుక గుర్తు చేసేవారు అక్కరలేదు. ఈ వారం మంట గడిలో సాయంత్రపు అంకె మూడు నుంచి రెండుకు దిగింది. మసక గడిలో ఏ మార్పూ లేదు. మూడు గడులు వేరు చేయడం వ్యర్థం కాదని మొదట నమ్మకం కలిగించినది ఈ ఫలితమే.

గాలి, ఎత్తు

మంటకు సంబంధించినవే మరో రెండు మార్పులు. ముఖానికి ఎదురుగా వీచే ఫ్యాను గాలిని కాళ్ల వైపు తిప్పాను. మానిటరును కిందికి దించాను. రెండోది కొందరికి విచిత్రంగా తోచవచ్చు, ఎందుకంటే మెడ కోసమని తెరను ఎత్తుగా పెట్టమనే సలహాయే ఎక్కువగా వినిపిస్తుంది. కానీ పైకి చూసేటప్పుడు రెప్పలు బాగా విచ్చుకుని, గాలికి తగిలే కంటి ఉపరితలం పెరుగుతుంది. కిందికి చూసేటప్పుడు పైరెప్ప చాలా భాగాన్ని కప్పి ఉంచుతుంది. మెడకూ కంటికీ కుదిరే ఒప్పందం ఏమిటంటే, తెర పై అంచు కంటి మట్టానికి సమంగా గాని కొంచెం కిందుగా గాని ఉండాలి, తెర మధ్యభాగం చూపుకు 15 నుంచి 20 డిగ్రీల కిందుగా ఉండాలి. 65 సెంటీమీటర్ల దూరంలో ఆ కోణం కంటి మట్టానికి 17 నుంచి 24 సెంటీమీటర్ల కిందికి వస్తుంది. పెద్ద తెరలను నిలువుగా తిప్పి వాడేవారికి పై భాగం ఈ హద్దు దాటిపోతుంది. నిలువు తెర మీద ప్రోగ్రాము కోడు బాగా కనబడుతుందన్న మాట నిజమే అయినా, కంటి ఉపరితలం దృష్ట్యా నేను దాన్ని సమర్థించలేను.

పని ముగిశాక గోరువెచ్చని గుడ్డను మూసిన కళ్ల మీద కొన్ని నిమిషాలు ఉంచడం కూడా చేర్చాను. గ్రంథుల్లో గట్టిపడ్డ నూనె కరగడానికి సుమారు 40 డిగ్రీల వేడి కావాలి కనుక, గుడ్డ చల్లారినప్పుడల్లా మళ్లీ వెచ్చని నీటిలో ముంచాలి. కాలేంత వేడి మాత్రం కూడదు. కంటి చుక్కల విషయంలో ఒక్క జాగ్రత్త రాసి ఉంచుతున్నాను. తడిని ఇచ్చే కృత్రిమ కన్నీటి చుక్కలు వేరు, ఎరుపును పోగొట్టే చుక్కలు వేరు. రెండోవి రక్తనాళాలను కుదించి ఎరుపును దాచిపెడతాయి, ఆపేశాక ఎరుపు మరింత ఎక్కువగా తిరిగి రావచ్చు. మొదటివాటినైనా రోజుకు నాలుగుసార్లకు మించి వేయవలసి వస్తుంటే నిల్వ రసాయనం కలపని రకాన్ని వైద్యుల సలహాతో ఎంచుకోవాలి.

దూరం, అక్షరం

మానిటరును 65 సెంటీమీటర్లకు జరిపి, కుర్చీ వీపుకు ఆనుకున్నప్పుడు నా కన్ను ఉండే చోటు నుంచి తెర అంచు దాకా అంత పొడవైన దారం కట్టాను. దారం వదులైందంటే నేను ముందుకు వంగానన్న మాట. గంట తిరగకుండానే దారం వదులయ్యేది. కారణం నా క్రమశిక్షణ లోపం కాదు, అక్షరాల సైజు. తెర ఎంత దూరాన ఉన్నా, అక్షరాలు చాలినంత పెద్దగా లేకపోతే ఒళ్లు తనంతట తానే ముందుకు వంగి పాత దూరానికి చేరుకుంటుంది. కనుక మొదట మార్చవలసింది అక్షరం, ఆ తరువాతే దూరం.

తెర మీది అక్షరం ఎత్తు కంటి దగ్గర 20 నుంచి 22 నిమిషాల కోణం చేయాలని చదివే సౌకర్యం గురించిన ప్రమాణాలు చెబుతాయి. ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో 60వ వంతు. 65 సెంటీమీటర్ల దగ్గర అది దాదాపు 4 మిల్లీమీటర్లు. ఈ లెక్క ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలను దృష్టిలో పెట్టుకున్నది. తెలుగుకు దీన్ని యథాతథంగా వాడితే చాలదు. కొలబద్ద పెట్టి చూస్తే, అక్షరం 4 మిల్లీమీటర్లున్నప్పుడు దాని కింది ఒత్తు చాలా ఫాంట్లలో అందులో సగానికి అటూ ఇటూగా ఉంటోంది. థ, ధ లను వేరుచేసే చుక్క, ప, ష లను వేరుచేసే చిన్న గీత అంతకన్నా చిన్నవి. కన్ను నిజంగా గుర్తుపట్టవలసినవి ఇవే కనుక, తెలుగు చదివే కిటికీల్లో జూమును 150 శాతానికి పెంచి, వరుసల మధ్య ఎడాన్ని కూడా పెంచాను, పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ ఒకదానికొకటి తగలకుండా. దారం అప్పటి నుంచి బిగువుగా ఉంటోంది. సాయంత్రపు దగ్గరి బిందువు 20 సెంటీమీటర్ల లోపే ఆగుతోంది. గడియారం ముళ్లు స్పష్టం కావడానికి పట్టే సమయమూ తగ్గింది. మసక గడిని కదిలించిన మొదటి మార్పు ఇది.

వెలుతురు

తెర వెలుగు సరిగా ఉందో లేదో చెప్పడానికి పరికరం అవసరం లేదు. తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని, తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి రెండింటినీ పోల్చాలి. తెర దీపంలా వెలుగుతుంటే తగ్గించాలి, బూడిదరంగులో కనిపిస్తే పెంచాలి. పగటి వెలుతురు మారుతూ ఉంటుంది కనుక ఈ సర్దుబాటు రోజుకు రెండు మూడుసార్లు అవసరమవుతుంది. ప్రతిబింబాల కోసం మానిటరును ఆపి, నల్లటి తెరలో ఏమేం కనిపిస్తున్నాయో చూడాలి. నా తెరలో వెనుక ఉన్న కిటికీ మొత్తం కనిపించింది. బల్లను తిప్పి, కిటికీ నాకు పక్కగా వచ్చేలా అమర్చాను. వెనుక ఉంటే అది తెర మీద పడుతుంది, ఎదురుగా ఉంటే నేరుగా కళ్లలో పడుతుంది. నొప్పి గడిలో మధ్యాహ్నపు అంకె ఈ ఒక్క మార్పుతో సున్నాకు వచ్చిన రోజులే ఎక్కువ.

రాత్రి పూట గదిలో దీపం తీసేసి, నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు పెట్టుకుని పని చేయడం చాలామందికి హాయిగా తోస్తుంది. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. దానితో కంటి కటకం అంచుల్లోని లోపాలు కూడా చిత్రంలోకి వస్తాయి, ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి తెల్ల అక్షరం చుట్టూ చెరిగినట్టు కనిపిస్తుంది. ఎక్కువసేపు చదవడానికి మామూలు వెలుతురు గదిలో తెల్ల నేపథ్యం మీద నల్ల అక్షరాలే మేలని నా పట్టిక కూడా చెబుతోంది. కొన్ని తెరలు వెలుగును తగ్గించడానికి దీపాన్ని సెకనుకు వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. తెల్ల తెర ముందు పెన్సిలును వేగంగా అటూ ఇటూ ఊపితే, మామూలు తెర మీద అది చెరిగిన మరకలా, మినుకుమనే తెర మీద విడివిడి పెన్సిళ్ల వరుసలా కనిపిస్తుంది. నా మానిటరు ఈ పరీక్షలో నెగ్గింది, ఫోను నెగ్గలేదు.

నీలి కాంతి

ఈ నమోదు చిన్నది. నీలి కాంతిని వడగట్టే అమరికను ఒక వారం పాటు పగలంతా పెట్టి ఉంచాను; మూడు గడుల్లో ఏదీ కదలలేదు. అద్దాల విషయంలో 2023లో వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ సమీక్ష 17 ప్రయోగాలను పరిశీలించి, నీలి కాంతిని వడగట్టే అద్దాలు మామూలు అద్దాల కన్నా తెర పని వల్ల కలిగే అలసటను స్వల్పకాలంలో తగ్గించకపోవచ్చునని తేల్చింది. ఆకాశం నుంచి వచ్చే నీలి కాంతితో పోలిస్తే తెర ఇచ్చేది బహు స్వల్పం. పడుకునే ముందు తెర రంగును పసుపుకు తిప్పుకోవడం నిద్రకు సంబంధించిన విషయం, ఈ డైరీకి సంబంధించినది కాదు.

విరామాలు

ప్రతి 20 నిమిషాలకు, 20 అడుగుల దూరంలోని వస్తువును, 20 సెకన్ల పాటు చూడమన్న సూత్రం ప్రసిద్ధమే. 20 అడుగులంటే సుమారు 6 మీటర్లు; అంత దూరానికి కావలసిన సర్దుబాటు 0.17 డయాప్టర్లు మాత్రమే, అంటే కండరానికి దాదాపు పూర్తి విశ్రాంతి. మూడు మీటర్ల దూరంలో వస్తువును చూసినా అవసరం 0.33 డయాప్టర్లే కనుక, గది చిన్నదైనంత మాత్రాన ఈ సూత్రాన్ని వదిలేయనక్కరలేదు. కావాలంటే మూడు మీటర్ల దూరంలో అద్దం వేలాడదీసి అందులో తన ప్రతిబింబాన్ని చూసుకుంటే లెక్కకు సరిగ్గా ఆరు మీటర్లవుతుంది. ఇరుకు గదుల్లో కంటి పరీక్ష చేసేవారి కిటుకు ఇది.

గుర్తుచేసే కిటికీ తెర మీద తెరుచుకోగానే దాన్ని మూసేసే అలవాటు రెండు రోజుల్లో వచ్చేస్తుంది. బదులుగా విరామాన్ని పనిలోనే కలిపాను: ఫోనులో మాట్లాడేటప్పుడు కిటికీ దగ్గర నిలబడడం, పెద్ద ఫైలు తెరుచుకునేలోగా దూరాన్ని చూడడం, ముద్రించి చదవగలిగినది కాగితం మీద చదవడం. మసక గడి ఈ దశలో సున్నాకూ ఒకటికీ మధ్య స్థిరపడింది. మంట గడి మీద విరామాల ప్రభావం చాలా తక్కువ. దూరాన్ని రెప్పవేయకుండా చూసినా కన్ను ఆరిపోతుంది కదా.

ఈ పట్టికకు చెందనివి

అకస్మాత్తుగా చూపు తగ్గడం, మెరుపులు కనిపించడం, నల్ల చుక్కలు ఒక్కసారిగా పెరగడం, నొప్పితో కూడిన ఎరుపు, వెలుతురును భరించలేకపోవడం, వస్తువులు రెండుగా కనిపించడం తెర అలసట లక్షణాలుగా భావించి గడుల్లో అంకెలు వేసుకోవలసినవి కావు. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా కంటి వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

ఇప్పటి స్థితి

నొప్పి గడి ఖాళీగా ఉంటోంది, మసక అదుపులో ఉంది. మంట మాత్రం అంకెల పట్టికలు సరిచూసిన రోజుల్లో ఇంకా రెండును తాకుతోంది. పక్క గడిలో పని పేరు రాసుకోకపోతే ఇది బయటపడేది కాదు. పట్టికల పనిలో పేజీని జరపడం అరుదు, ఫైలును సేవ్ చేయడమూ అరుదు కనుక నేను కట్టిన రెప్పపాటు అలవాటుకు అక్కడ ఆధారం లేదు. అందుకని పట్టికలో ప్రతి పది వరుసలకూ ఒక రంగు వరుస వచ్చేలా అమర్చాను. చూపు ఆ వరుసను దాటినప్పుడల్లా కళ్లు మూసి తెరవాలి. దీని ఫలితం వచ్చే వారం తెలుస్తుంది.

ఆ తరువాత పరీక్షించవలసినది నడిమి దూరానికి 0.75 డయాప్టర్లు అదనంగా ఇచ్చే అద్దాలు. 65 సెంటీమీటర్లకు కావలసిన 1.5లో అవి సగాన్ని తీసుకుంటాయి. అయితే వాటితో 1.3 మీటర్లకు అవతలి వస్తువులు మసకగానే కనిపిస్తాయి కనుక, గడియారం పరీక్ష చేసే ముందు ప్రతిసారీ మామూలు అద్దాలు పెట్టుకోవాలి. లేకపోతే కండరం ఆలస్యమో, అద్దాల మసకో పట్టిక చెప్పలేదు.